మంచం మీద ఇరవై రెండు మెట్లు

కంప్యూటర్ల షాపులో టేపు తీసి తెరని కొలిచిన మొదటి మనిషిని నేనేనట. కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయి నవ్వాపుకోలేక ఆ మాట చెప్పింది. నవ్వితే నవ్వింది. పద్దెనిమిది అంగుళాల లాప్‌టాప్ అని చీటీ అంటించి, పదిహేనుంపావు అంగుళాల తెర చూపిస్తే నోరు మూసుకుని ఊరుకోవాలా?

"ఏమ్మా, మిగతా అంగుళాలు ఏ ఎలుక కొరుక్కుపోయింది?" అని గట్టిగానే అడిగాను.

మా వదిన నా మోచెయ్యి గిల్లింది. అన్నయ్య కూతురైతే నేనెవరో తెలియనట్టు చార్జర్ల అరల వైపు జరిగిపోయింది.

"వెడల్పు కాదండీ. మూల నుంచి మూలకి కొలవాలి," అంది ఆ అమ్మాయి.

నాకు తల కొట్టేసినట్లయింది. నేను వడ్రంగిని. ముప్ఫై ఏళ్ళుగా తలుపు చట్రమైనా, కిటికీ చట్రమైనా, ఈ మూల నుంచి ఆ మూలకి ఒకసారి, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకసారి టేపు పట్టి చూడనిదే మేకు దించను. రెండూ సమానంగా వస్తేనే చట్రం మూలమట్టానికి ఉన్నట్టు. అలాంటి నాకు మూలల సంగతి ఒకరు చెప్పాల్సి వచ్చింది! నాలుక కరుచుకుని, మళ్ళీ టేపు పట్టాను. ఇటు పద్దెనిమిది. అటు పద్దెనిమిది. వెంట్రుకవాసి తేడా లేదు. నా జన్మలో నేను అంత మూలమట్టంగా ఏ చట్రమూ బిగించలేదు.

మాది అన్నదమ్ముల వర్క్‌షాపు. గీసేది అన్నయ్య, కోసేది నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముట్టుకుంటే గీరుకుపోతుందని పనివాళ్ళు నన్ను 'ఆకురాయి' అంటారు, నా ఎదురుగా కాదనుకోండి. అన్నయ్య అలా కాదు. వర్క్‌షాపు మేడమీద అద్దాల గదిలో పెద్ద కంప్యూటరు, రెండు మానిటర్లు ముందేసుకుని, పెదవి కదపకుండా పొద్దంతా గీసేవాడు. ఎనిమిది నెలల కిందట ఒక ఇంటి పనిలో పరంజా విరిగి పడ్డాడు. వెన్ను దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. వీపు వెనక నాలుగు దిళ్ళు పెడితే సగం కూర్చోగలడు, అంతే.

అలాంటి సమయంలో ఒక గ్రంథాలయం పని వచ్చింది. మధ్యలో స్తంభమే లేకుండా, గుండ్రంగా తిరుగుతూ పై అంతస్తుకి ఎక్కే చెక్కమెట్లు కావాలట. ఇరవై రెండు మెట్లు. కట్టిస్తున్న ఆర్కిటెక్టు మేడమ్ మా దగ్గరికి వచ్చిందే అన్నయ్య గీత కోసం. కాగితాలు తీసుకెళ్ళి మంచం మీద పెట్టాను. అన్నయ్య విప్పనైనా విప్పలేదు.

"నా పని అయిపోయిందిరా. ఎవడైనా డ్రాఫ్ట్స్‌మన్‌ని చూసుకో," అని గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

మెట్లు పోతే పోనివ్వండి, ఇంకో పని దొరుకుతుంది. మా అన్నయ్య పోకూడదు. గీత లేకపోతే మా అన్నయ్య లేనట్టే, ఆ సంగతి నాకూ తెలుసు, వదినకీ తెలుసు. మళ్ళీ ఆ మనిషి గీయాలి. నాకు కావలసింది అదొక్కటే.

వర్క్‌షాపులోని కంప్యూటరుని ఊడదీసి ఇంటికి మోసుకొచ్చాను. మంచం పక్కన స్టూలు వేసి మానిటరు పెట్టాం. మెడ పక్కకి తిప్పితేనే తెర కనబడుతుంది, కీబోర్డేమో పొట్ట మీద. మూడో రోజుకి అన్నయ్య మెడ పట్టేసింది. దిండు సర్దబోయి వదిన వైరు తన్నుకుని పడబోయింది. తరవాత అన్నయ్య కూతురు తన చిన్న లాప్‌టాప్ ఇచ్చింది. అందులో మెట్లన్నీ ఒకేసారి చూస్తే గీతలు దువ్వెనలో చిక్కుపడ్డ వెంట్రుకల్లా ఉన్నాయి. ఒక్క మెట్టుని పెద్దది చేసి చూస్తే అది ఎన్నో మెట్టో తెలియదు. అన్నయ్య మూత మూసేశాడు. నన్ను తిట్టినా బాగుండేది.

అందుకే ఆ షాపుకి వచ్చాం. టేపు సంగతి తేలాక ఆ అమ్మాయికి నా మీద గౌరవం పెరిగిందో, జాలి కలిగిందో, ఓపిగ్గా అన్నీ చూపించింది. ఒకటి తళతళలాడిపోతోంది గానీ అందులో నా మొహమే కనబడింది. "వద్దమ్మా, నా మొహం మా అన్నయ్య ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాడు," అన్నాను. మంచానికి ఎదురుగా కిటికీ ఉంది, మెరుపులేని తెరే కావాలంది వదిన. కొలతలు కొట్టడానికి కీబోర్డులో కుడివైపు అంకెలన్నీ విడిగా ఉండాలంది కూతురు. ఇవన్నీ ఉన్నది నేను టేపు పట్టినదానికే. దాని మూత తెరిచి, వేలితో తట్టి, ఊగుతోందేమో చూశాను. ఆ కీలు బిగించినవాడెవడో గానీ పనిమంతుడు.

"ఒక్కటండీ," అంది ఆ అమ్మాయి. "ఇది పేరుకే లాప్‌టాప్. మూడున్నర కిలోలు. బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. ఇంట్లో డెస్క్‌టాప్ బదులు పెట్టుకోవచ్చు గానీ, బయట తిరిగేవాళ్ళకి పనికిరాదు."

"మా అన్నయ్య ఎక్కడికీ వెళ్ళడమ్మా," అనేశాను.

నా నోరు పడిపోను! వదిన చటుక్కున అటు తిరిగి ఏదో పెట్టె మీది అక్షరాలు చదవసాగింది. ఆ అమ్మాయి తల వంచుకుని బిల్లు రాసింది. నేనే పెట్టె భుజాన వేసుకుని బయటికి నడిచాను.

ఇంటికొచ్చి ఆన్ చేసి పావుగంట కాలేదు, వదిన దాని అడుగున చెయ్యి పెట్టి అదిరిపడింది.

"ఏమయ్యా, ఇది పెనంలా కాలుతోంది! ఒళ్ళో పెడితే ఆయనకి తెలుస్తుందా? చర్మం కాలిపోయినా తెలీదు. వేణ్ణీళ్ళ సంచి కూడా పెట్టొద్దని డాక్టరు చెప్పాడు కదా!"

మంచి చెయ్యబోయి ఎంత పని చేసేవాణ్ణి! లాప్‌టాప్ అంటే ఒళ్ళో పెట్టుకునేదని పేరు పెట్టిన పెద్దమనిషి దొరికితే ఉతికి ఆరేసేవాణ్ణి. దాన్ని అలాగే మూసేసి, వర్క్‌షాపుకి వెళ్ళి, మంచానికి అడ్డంగా నిలబడే బల్ల చేశాను. కాళ్ళు మంచానికి అటూ ఇటూ నేల మీద ఉంటాయి. బరువూ వేడీ ఏదీ ఒంటిని తాకదు. పైచెక్క వాలుగా, గాలాడేందుకు మధ్యలో పొడుగాటి చీలికలు, చార్జరు పెట్టుకోను పక్కన చిన్న అర. మొదటిది ఎత్తెక్కువైంది. రెండోది మోకాళ్ళ దగ్గర ఇరుకైంది. మూడోది సరిపోయింది. ఇంటి పని కాబట్టి ఎవరూ నన్ను తిట్టలేదు, నన్ను నేనే తిట్టుకున్నాను.

బల్ల పెట్టి, లాప్‌టాప్ తెరిచి, మేడమ్ ఇచ్చిన కొలతలు పక్కన పెట్టాం. అన్నయ్య చూడలేదు. మర్నాడూ చూడలేదు. మూడో రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఎదురై, మాట్లాడకు అన్నట్టు వేలు పెదవి మీద పెట్టింది. లోపలి నుంచి టకటకమని అంకెలు కొడుతున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడుకి మేమిద్దరం గుమ్మంలోనే చెరో పక్క నిలబడిపోయాం.

పది రోజులు గీశాడు. పదకొండో రోజు నన్ను పిలిచి మంచం అంచున కూర్చోమన్నాడు. తెర మీద మెట్లు మొత్తం లేచి ఉన్నాయి. అడుగు నుంచి పైదాకా ఇరవై రెండూ ఒక్క చూపులో కనబడుతున్నాయి, ఏ మెట్టు మీద చూపు ఆపినా దాని అంచు గీత సన్నగా, విడిగా తెలుస్తోంది. అన్నయ్య వేలు కదిపాడు. మెట్లన్నీ మెల్లగా తమ చుట్టూ తాము తిరిగాయి. ఓరి దేవుడా! నేను చెక్కని ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్నాను. ఇంకా కోయని చెక్క అలా నిలబడి తిరగడం చూడలేదు. నోరు వెళ్ళబెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

"ఇది కాదురా. ఇది చూడు," అన్నాడు అన్నయ్య.

ఏదో నొక్కాడు. మెట్లు మా ఎదురుగా వచ్చేశాయి, మనిషి నేల మీద నిలబడి చూసినట్టు. బాణం గుర్తు కీ మీద వేలు పెట్టి నొక్కాడు. మొదటి మెట్టు కిందికి జారింది. మళ్ళీ నొక్కాడు. రెండోది. గోడ పక్కకి తిరుగుతోంది, కిటికీ వచ్చి వెనక్కి పోతోంది, కింద నేల లోతుకి దిగిపోతోంది. నేను తెర చూడ్డం మానేసి అన్నయ్య మొహం చూశాను. ఒక్కో మెట్టుకీ భుజం కొంచెం ముందుకి వంగుతోంది. ఊపిరి కూడా మెట్లెక్కే మనిషి ఊపిరిలాగే ఉంది.

"ఎక్కుతున్నాన్రా," అన్నాడు.

కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి, తుడుచుకోవడానికి కూడా భయమేసింది, నేను కదిలితే తను ఆగిపోతాడేమోనని.

పదమూడో మెట్టు దగ్గర తనే ఆగాడు. తల చటుక్కున వంచాడు.

"ఇక్కడ స్లాబు అంచు నెత్తికి తగుల్తోంది. కాగితం మీద తెలీలేదు చూశావా?"

తెర మీది స్లాబుకి మంచం మీది మనిషి తల వంచాడు! నేనూ వంచానని గుమ్మంలోంచి చూస్తున్న వదిన తరవాత చెప్పింది. అన్నయ్య మెట్లన్నిటినీ కలిపి కొంచెం పక్కకి తిప్పి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. ఈసారి తల ఎత్తుకునే పైకి పోయాడు.

ఆ గీతల్ని పట్టుకుని రెండు నెలలు చెక్క కోశాం. బిగించే రోజు ఒక్కో మెట్టూ తెచ్చి దాని గాడిలో పెడుతుంటే టక్కున కూర్చుంటోంది. చిత్రిక పట్టే అవసరమే రాలేదు. ఇరవై రెండోది బిగించి, పైకెక్కి టేపు పెట్టాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్టుకీ మెట్టుకీ ఏడంగుళాలు. ఆఖరి మెట్టుకీ పై అంతస్తు నేలకీ కూడా ఏడుండాలి. ఐదే ఉంది.

మెట్లు రెండంగుళాలు ఎత్తొచ్చేశాయి. అన్నయ్య లెక్క తప్పింది. ఈ సంగతి తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు, ఇక ఈ జన్మకి ఇటు తిరగడు. చెప్పకూడదు. అడుగున రెండంగుళాలు కోసేసి, అంతా సరిగ్గా కూర్చుందని అబద్ధం చెప్పేస్తాను. అలా అనుకుని కిందికి దిగి రంపం తీశాను. అదే సమయానికి ఫోను మోగింది. అన్నయ్యే.

"ఎలా కూర్చుందిరా?"

"బ్రహ్మాండంగా," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

"చేతిలో ఏముంది?"

"ఏం లేదు."

"రంపం కింద పెట్టరా, ఆకురాయీ!"

ఆ పేరు తనకి తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రంపం కింద పెట్టి, రెండంగుళాల సంగతి కక్కేశాను. అవతలి నుంచి టక్, టక్, టక్ అని కీ నొక్కుతున్న శబ్దం వినబడింది.

"ఎక్కు. ఆఖరి మెట్టు మీదికి రా," అన్నాడు.

ఎక్కాను. "వచ్చాను."

"నేనూ అక్కడే ఉన్నా. ఎడమ చేతి పక్క కిటికీ ఉందా? దాని కింది అంచు నుంచి మెట్టు దాకా టేపు పట్టు. పందొమ్మిదిన్నర ఉండాలి."

వంగి టేపు పట్టాను. పందొమ్మిదిన్నర. ఊరికి ఆ చివర మంచం మీద ఉన్న మనిషి, టేపు పెట్టకముందే నా కాలి పక్క కొలత చెప్పాడు.

"అయితే మెట్లు సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు నింపాదిగా. "నేలే ఇంకా పూర్తవలేదు. దాని మీద రీపర్ల బద్దలు కొట్టి చెక్క పలకలు పరుస్తారు, రెండంగుళాలు. మేడమ్ నాకు ఫోన్ చేసి మార్పించింది."

"మరి నాకు చెప్పొద్దూ?" అని అరిచాను.

"గీతలో ఉంది. నువ్వు ఏనాడు చివరిదాకా చూశావు గనక!"

తిట్టాడు. కడుపారా తిట్టాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి. కింద పనివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు, చూడనీ.

"కిటికీలోంచి ఏం కనబడుతోందిరా?" అని అడిగాడు అన్నయ్య. "నా దాంట్లో బయట ఏమీ లేదు, ఉత్త తెలుపు."

"వీధి. సైకిలు మీద ఒకామె పోతోంది. ఎదురుగా మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఎండగా ఉంది."

"ఊఁ... దిగకు. కాసేపు ఇక్కడే ఉందాం."

సరేనని మెట్టు మీద కూర్చున్నాను. గోడవైపు జరిగి, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలాను.