పదకొండు దారిరాళ్లు

ముప్పయ్యో రాయి దాటాక దారి మాయమైపోయింది. బయ్యన్న టీవీఎస్ ఆపి దిగాడు. ఇరవై రోజుల కిందట తన చేత్తో పాతిన పదకొండు రాళ్లు లేవు. గుంతలు మాత్రం మిగిలాయి.

కంబదూరు చుట్టుపక్కల ఊళ్ల జనం గుట్టల మీదుగా నడిచే దారులన్నిటినీ మ్యాపుకెక్కించే పని అది. రాయి పడిన దారిని ఎవరూ మూయకూడదు. రాళ్లు పాతి నంబరు వేసేది బయ్యన్న. మండలాఫీసులో ఇరవై ఆరేళ్లుగా దినకూలీ. ఏ మ్యాపు మూలనా అతని పేరుండదు. ఇంటికి పోతే పలకరించే మనిషీ లేడు.

సర్వేయర్ అంజలికి ఫోన్ చేశాడు.

"నాలుగింటికి తనిఖీ జీపు వస్తాది బయ్యన్నా. రాళ్లు లేకుంటే ఈ దారి కొట్టేస్తారు. ఆ సోలార్ కంపెనీవోళ్లు గుట్టకు కంచె ఏసేదానికి కాసుకోని ఉండారు."

అప్పటికి పొద్దున పదకొండు గంటలు. కంచె పనివాళ్ల మీదే అనుమానం. వాళ్ల గుడారం దగ్గరికి పోయి నిలదీశాడు.

"నీ రాళ్లు మాకెందుకప్పా, సంగటిలో నంజుకోనా?" అని మేస్త్రీ నవ్వాడు.

వెనక్కొచ్చి గుంతల చుట్టూ వంగి చూశాడు. ఎర్రమట్టిలో ఏదో ఈడ్చిన గీత. పక్కనే టైరు చెప్పుల జాడ, ఎడమ మడమ అరిగిపోయింది. గీత పట్టుకుని నడిస్తే అది కుళ్లాయప్ప దొడ్డిలోకి తీసుకుపోయింది.

కరువుకు గొర్రెలన్నీ అమ్మేసుకున్న ముసలాయన. ఆ ఖాళీ దొడ్డిలో పదకొండు రాళ్లూ వరసగా నిలబడి ఉన్నాయి. కుళ్లాయప్ప గుడిసె అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. అరచేతుల నిండా తాడు కోసిన గాట్లు.

"ఏంది మామా ఇది? ఎవరన్నా చేయించినారా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

తిట్టడానికి కూడా టైము లేదు. "పట్టు మామా," అన్నాడు బయ్యన్న. ఒక్కో రాయినీ బండి వెనక కట్టి, ముసలాయన పట్టుకుంటే తోలాడు. మూడున్నరకు చివరి రాయి గుంతలో కూర్చుంది.

జీపు వచ్చింది. నంబర్లకు టిక్కులు పడ్డాయి. దారి నిలిచింది. ఎవరు పెరికారని అంజలి అడిగితే, "తెల్దు మేడమ్," అన్నాడు.

పొద్దు వాలుతుండగా కుళ్లాయప్పను గుడిసె దగ్గర దింపాడు. ఇంజను ఆపలేదు.

"ఈ పక్క పని అయిపాయ మామా. రేపట్నించి గార్లదిన్నె. ఇంక ఇట్ల రాను."

కుళ్లాయప్ప బండి హ్యాండిల్ మీద చెయ్యేశాడు.

"నేనే పెరికినా. దినానికొకటి. గొర్రెలు పోయినంక ఈ గుట్టకు ఎవరొస్తారప్పా? దారి కొలిచేటప్పుడు నెల దినాలు వచ్చినావు. మధ్యాన్నం ఈడ కూకోని అంబలి తాగి, ఆఫీసు కతలు చెప్పి పోతాంటివి. రాళ్లు పాతినంక రాకపోతివి. అవి లేకుంటే ఎతుక్కుంటా వస్తావు గదా అనుకున్యా. దారే పోతాదని నాకు తెల్దు నాయనా. ఆ అరుగు మీద చూడు, నువ్వు తాగే చెంబు. దినామూ కడిగి బోర్లిస్తాండా."