మల్లక్క చేతి పచ్చిపులుసు

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ పచ్చిపులుసు గిన్నె దగ్గర మొదలైంది. హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి మానస చేతులు కడుక్కుని, చింతపండు రసంలో ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన పచ్చిమిరపకాయలు వేసి అయిదు వేళ్లతో పిసుకుతోంది. మా అత్తమ్మ అనసూయ చూసింది.

"ఇంట్ల గంటె లేదానే? చెయ్యి పెట్టి పిసుకుతానవేంది?"

"చేత్తోని పిసికితేనే ఉల్లిగడ్డ రసం దిగుతది నాయినమ్మ. గంటెతోని తిప్పితె అవి ఉట్టి చింతపండు నీళ్లే."

"ఎవలు నేర్పిండ్రు నీకు?"

"మా హాస్టల్ల మల్లక్క."

"ఆమె ఏమిటోళ్లు?"

మానస చెయ్యి ఆగింది. "వంటోళ్లు నాయినమ్మ" అంది.

అత్తమ్మ ఆ పూట మామిడి తొక్కుతో నాలుగు మెతుకులు తిని లేచింది. మా ఆయన పాండురంగం "గింత పులుసుకు గంత పంచాయితా" అని నవ్వాడు గానీ, ఆయన కూడా గిన్నె ముట్టకుండా పెరుగు కలుపుకున్నాడు. నేను మాత్రం రెండుసార్లు పోసుకున్నాను. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో నేను గంటెతో తిప్పింది పచ్చిపులుసు కాదని నాకు ఆరోజు అర్థమైంది.

మాది వరంగల్ బజారులో పప్పుల దుకాణం. ఇంట్లో నీసు ముట్టం. మానస హసన్‌పర్తి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. ఆ కాలేజీ మెస్సుకు కాంట్రాక్టరు రాజేశ్వర్ రావు. అతనికి కందిపప్పు, పల్లీలు మా దుకాణం నుంచే పోతాయి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మల్లక్క, సోమక్క ఆ మెస్సులో కూరగాయలు తరిగి గిన్నెలు తోమే ఆడవాళ్లు. పిల్లల వంట పెద్ద వంటమనిషి చేస్తాడు. అది నీళ్ల సాంబారు, రంగు బిర్యానీ. పని ముగిశాక వీళ్లిద్దరూ వంటింటి వెనక తమకోసం వండుకునేవాళ్లు. జొన్నరొట్టె, పుంటికూర, పల్లికారం, పచ్చిపులుసు. వాళ్ల ఇళ్లలో బర్రె లేదు కనుక పెరుగు ఉండదు. కోడిని కోసేది పండక్కో, చుట్టాలొస్తేనో. మిగతా రోజులన్నీ ఆకూ గింజా. ఆ వాసన పట్టుకుని మొదట వెనక్కి వెళ్లినవాడు మధు. రైతు బిడ్డ. ముక్క లేనిదే ముద్ద దిగదని చెప్పుకునేవాడు. అతని వెనక మానస, మానస వెనక సగం హాస్టలు.

నేను ఒక మధ్యాహ్నం మానసకు బట్టలు ఇచ్చి వద్దామని వెళ్లి అక్కడే కూర్చుండిపోయాను. పిల్లలు పళ్లేలు పట్టుకుని గోడ నీడన వరసగా కూర్చున్నారు. మల్లక్క రొట్టె చరుస్తూ మాట్లాడుతోంది. సోమక్క రొట్టె మీద కారం రాసి అందిస్తోంది.

"అమ్మా, పల్లీలమ్మే సేటమ్మ నువ్వేనట గద" అంది మల్లక్క. "తిను. నీ పల్లీలే మా రోట్ల పడి మళ్ల నీ తానకే వచ్చినయి."

"మల్లక్కా, నీ పులుసు తాగినంక మా అవ్వ వండిన కోడికూర యాదికొస్తలేదు" అన్నాడు మధు.

"ఫోన్ కలుపు, మీ అవ్వకు చెప్త."

అందరూ నవ్వారు. మధు ఇంకో రొట్టెకు చెయ్యి చాచాడు. ఆ నీడన ఎవరి ఇంటి పేరూ ఎవరూ అడగలేదు. మా ఇంట్లో భోజనాల దగ్గర నేను ఎన్నడూ చూడని సంగతి అది.

కాలేజీవాళ్ల కళ్లు ఆ తిండి మీద పడ్డాయి. మెస్సు హాలులో అద్దాల కౌంటరు కట్టి, పాలూ నీసూ కలవని తిండి అంటూ 'వీగన్ కార్నర్' అని దీపాల బోర్డు పెట్టారు. రొట్టె, పులుసు ఫోటోలు కాలేజీ గేటు మీదికి ఎక్కాయి. పిల్లలు తామే గెలిచామనుకున్నారు. కౌంటరు తెరిచే రోజు తల్లిదండ్రులను పిలిస్తే నేనూ వెళ్లాను.

మల్లక్క సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీర కట్టుకుని వచ్చింది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. అద్దం వెనక్కి వెళ్లి ఉల్లిగడ్డల గిన్నె ముందుకు జరుపుకుంది. రాజేశ్వర్ రావు వచ్చి ఆ గిన్నె పక్కకు తీశాడు.

"మల్లమ్మా, నువ్వు ఎన్కకు పో. ఇది ప్యూర్ కౌంటర్."

"నేన్ చేసే పులుసే గద సారు."

"మంచిగ నేర్పినవు, కాదంటలేను. గని ఇంట్ల నీసు వండేటోళ్ల చేతులు ఈడ పెట్టద్దు. పేరెంట్స్ ఊకోరు." అప్పుడతను నన్ను చూశాడు. "ఇగో, మన సేటమ్మ రానే వచ్చింది. మీ అసొంటోళ్ల కోసమే కళక్కా ఇదంత."

"మేం అడగలే" అన్నాను.

"మీరు నోరు తెరిచి అడగరు. మాకే ఎరుకైతది" అని నవ్వాడు.

మల్లక్క తన చేతులను ఓసారి చూసుకుంది. పుంటికూర గిల్లీ గిల్లీ గోళ్లు నల్లబడిన చేతులు. కొంగుకు తుడుచుకుని తోముడు గిన్నెల వైపు నడిచింది. ఆమె నిలబడ్డ చోట చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న ఇద్దరు కొత్త మగవాళ్లు నిలబడ్డారు. ఉల్లిగడ్డను మిక్సీలో తిప్పారు. అన్యాయం నా పేరు మీద జరిగింది. నేను అక్కడే ఉన్నాను.

ఆ సాయంత్రం మెస్సు హాలులో మీటింగు. మానస నాకు ఫోను కలిపి బల్ల మీద పెట్టింది. నేను వంటింట్లో పోపుడబ్బాకు ఫోను ఆనించి విన్నాను.

"నేను వెజిటేరియన్. నాకు ఆ కౌంటర్ కావాలె. మీకెందుకు లొల్లి?" అన్నాడొక పిల్లవాడు.

"నేను గూడ పుట్టినకాడికెళ్లి నీసు ముట్టలే" అది మానస గొంతు. "గా తిండి మనకు పెట్టిందే వాళ్లు. వాళ్ల ముద్ద గుంజుకొని, వాళ్ల చేతులే మైల అంటాండ్రు. ఎట్ల మింగుతవు చెప్పు?"

"అంటే ఆ కౌంటర్ తీసెయ్యమంటరా?"

"తీసుడు గాదు. మల్లక్కను నిలవెట్టాలె" అన్నాడు మధు. "తినేది మనం, వండేది వాళ్లు. నడుమ వీడెవడు?"

ఎట్లా నిలబెట్టాలి అన్నదాని మీద చాలాసేపు అరుచుకున్నారు. చివరికి సోమక్క చెప్పింది: "మా ఇండ్లల్ల ఎవలన్న అలిగి అన్నం మానితె, ఇంటిపెద్ద వచ్చి బతిమాలుతడు. మీరు గూడ గా కౌంటర్‌ల తినుడు బంద్ పెట్టుండ్రి. రాక ఎటు పోతడు?"

హాలంతా చప్పట్లు. పోపుడబ్బా ముందు నేనూ తలూపాను. అలిగితే బతిమాలే ఇళ్లలో పెరిగినవాళ్లం మేమంతా. ఆ పిల్లలూ అంతే.

వారం పాటు ఒక్కరూ కౌంటరు దగ్గరికి పోలేదు. రొట్టెలు ఎండి పెచ్చులయ్యాయి. ఎవరూ బతిమాలలేదు. వారం చివర రాజేశ్వర్ రావు బోర్డు దీపాలు ఆర్పించాడు. తినేవాళ్లు లేరని మేనేజ్‌మెంటుకు చెప్పాడు. పని తగ్గిందని మల్లక్కను, సోమక్కను రావద్దన్నాడు. అతనికి కావలసింది మేమే చేసిపెట్టాం. ఆకలిని చూపిస్తే కరగడానికి అది ఇల్లు కాదు, కాంట్రాక్టు.

తప్పు తెలిశాక పిల్లలు దారి మార్చారు. కాలేజీ గేటు ముందు పొయ్యికి మూడు రాళ్లు పెట్టారు. మల్లక్క పెనం పెట్టింది. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద కూర్చుని నూరుమందికి పైగా తిన్నారు. ఆటోవాళ్లు ఆగి తిన్నారు. రొట్టె తుంచి పులుసులో ముంచుకుంటూ నినాదాలిచ్చారు. ఆ ఒక్క పూటే. సెక్యూరిటీవాళ్లు రాళ్లు తన్నారు. పులుసు గిన్నె దొర్లి రోడ్డంతా పారింది. పోలీసు జీపు వచ్చి మల్లక్కను, మధును ఎక్కించుకుపోయింది. చీకటి పడ్డాక, ఇంకోసారి గేటు దగ్గరికి రాబోమని మధుతో సంతకం, మల్లక్కతో వేలిముద్ర వేయించుకుని వదిలారు.

ఆ తర్వాత అంతా జారిపోయింది. మధు తండ్రి వచ్చి వార్డెను కాళ్లు పట్టుకున్నాడు. మధు తప్పయిందని మాఫీ రాసిచ్చాడు. రాసేటప్పుడు ఏడ్చాడని మానస చెప్పింది. ఒక్కో రూమూ రాసిచ్చింది. సోమక్క మిరపకాయ ఏరడానికి కూలికి పోయింది. మాఫీ రాయని మానసను సస్పెండ్ చేసి ఇంటికి పంపారు.

రాజేశ్వర్ రావు మా ఆయనకు ఫోన్ చేశాడు. "పిల్లకు జర చెప్పు సేటూ. మన యాపారం మనకు ముఖ్యం గద."

మర్నాడు నేను కాజీపేట వైపు బస్తీలో మల్లక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"మళ్ల రాళ్లు పెడ్తవా మల్లక్కా?"

"వేలిముద్ర పెట్టిన గదమ్మా. ఈసారి పట్టుకపోతె ఇడువరు." చేట ఆపలేదు. చెరుగుతూనే అంది: "ఒక్కదాన్నే ఎట్ల పెడ్త? ఇంకో ఆడమనిషి ఉంటె పెడ్త."

ఆ రాత్రి భోజనాలకు నేను అత్తమ్మ చూస్తుండగానే ఉల్లిగడ్డలు చేత్తో పిసికాను. ఆమె తొక్కు జాడీ దగ్గరికి జరుపుకుంది.

"పొద్దుగాల బిడ్డను తోల్కపోత" అన్నాడు మా ఆయన అన్నం కలుపుతూ. "మాఫీ చెప్తె అయిపాయె. చదువు ఆగం చేసుకుంటరా పులుసు కోసం?"

మానస పళ్లెంలో మెతుకులు అటూ ఇటూ తోస్తోంది. ఇంకొక్క మాట అంటే ఒప్పుకునేలా ఉంది.

"మాఫీ రాయది" అన్నాను. "రేపటిసంది ఈ ఇంట్ల స్టవ్ ముట్టియ్య. మల్లక్క, నేను గేటు కాడ వండుతం. నీసు ముట్టని ఇంటిదాన్ని ఆమె పక్కన కూసుండి రొట్టె చరుస్త. ఎవల కోసం ఆమెను లేపిండ్రో, ఆ మనిషినే నేను. తినేటోళ్లు ఆడికి రావాలె."

"పోలీసులొస్తరు."

"వస్తరు."

"మెస్సుకు సరుకు బందైతది."

"ఐతది."

"ఏం గెలుస్తమని కళా?"

"ఏం గెలువం. పిల్లలు కూడ రారు, రాసిచ్చిండ్రు. గని తినుడు మానేసి ఓడిపోయినం ఒకపారి. ఈపారి తినుకుంటనే జీపెక్కుతం."

మా ఆయన ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది. మానస గిన్నె దగ్గరికి జరుపుకుని పులుసు పోసుకుంది. అత్తమ్మ జాడీ మూత పెట్టి నా వైపు చూసింది.

"మరి నాకెవలు వండుతరు?"

"మల్లక్క వండుతది అత్తమ్మా."