సరి సంఖ్యల వైపు

అక్క సంచిలో ముందు ఊలు గౌన్లు రెండు పెట్టాను. తర్వాత కట్టుడు పళ్ళ డబ్బా, భూతద్దం, లైబ్రరీ నుంచి తెచ్చిన నవల. పెద్ద సంచి తీయబోతే అక్క ఒప్పుకోలేదు. ఐదు వారాలకు అంత సంచి ఎందుకంది.

"ఆ నల్ల కోటు దేనికే? నా అంత్యక్రియలకు నేనే వెళ్తున్నానా?"

"సముద్రం గాలి అక్కా. చలేస్తుంది."

"జూలైలో చలేసేది నీ ఒక్కదానికేనే, ఎనా."

అక్క తిర్జాకు ఎనభై నాలుగు, నాకు డెబ్బై తొమ్మిది. పెళ్ళిళ్ళయ్యాక ఆల్బర్ట్ వీధిలో ఎదురెదురు ఇళ్ళలో కాపురాలు పెట్టాం. ఆమెది పదిహేడో నంబరు, నాది పద్నాలుగు. బొగ్గు గని మూతపడింది, మగవాళ్ళు పోయారు, మేమిద్దరం మిగిలాం. ఫిబ్రవరిలో అక్క మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ముందు గదిలో మంచం వేయించి, రోజుకు నాలుగు సార్లు వీధి దాటి వెళ్ళి చూసుకున్నాను. ఒకనాడు లేపబోయి ఇద్దరం నేల మీద పడ్డాం. పక్కింటాయన వచ్చేదాకా అలాగే పడి నవ్వుకున్నాం. రెండోసారి పడ్డప్పుడు నవ్వు రాలేదు.

ఆమెను వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చాలని మా జిల్లా పాలన చూసే కౌంటీ ఆఫీసు తేల్చింది. వాళ్ళు చూసిన గృహం సముద్రం ఒడ్డున ఉంది. రెండు బస్సులు మారాలి, మధ్యలో గంటసేపు గాలిలో నిలబడాలి. మా ఊళ్ళోనే, చర్చి వెనక, రోవన్ హౌస్ అనే అలాంటి గృహంలోనే ఒక గది ఖాళీగా ఉంది. నేను కర్ర పట్టుకుని నడిచి వెళ్ళగలను. ఆ గది అక్కకు ఇప్పించాలి, నేను కోరింది అంతే.

మా ఎంపీ హెడ్లీ గారు ప్రతి నెలా మొదటి శుక్రవారం గని కార్మికుల హాల్లో కూర్చుని జనం గోడు వినేవారు. ఏప్రిల్లో వెళ్ళాను. ఆయన దగ్గర పనిచేసే జెన్నా అనే అమ్మాయి ఫారం ఇచ్చింది. పై వరుసలో 'సాయం అవసరమైన ఓటరు పేరు, చిరునామా' అని ఉంది. అక్కడ నా చెయ్యి ఆగింది.

మా గనిలో దిగే ప్రతి మనిషికీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపల ఎవరున్నారో పైవాళ్ళకు తెలిసేలా, దిగే ముందు ఎవరి బిళ్ళ వాళ్ళే మేకుకు తగిలించాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. నాకు ఆరేళ్ళప్పుడు, ఒక ఉదయం నాన్న ఆలస్యంగా వెళ్తే, పక్కింటాయన జాలిపడి నాన్న బిళ్ళ కూడా తానే తగిలించాడు. ఆ రోజు నాన్న పైకి రాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకరి పేరు ఇంకొకరు కాగితం మీద పెట్టం. పుస్తకాలు చదివినా ఈ భయం పోలేదు.

అక్క పేరు రాయాల్సిన చోట నా పేరు రాశాను. ఎనా రాబ్సన్, 14 ఆల్బర్ట్ వీధి.

"ఇది మీ అక్కగారి కోసం కదండీ?" అంది జెన్నా.

"అడిగేది నేను కదమ్మా."

"సరేలెండి, ఇద్దరిదీ ఒకే వీధి. ఏదైతేనేం."

హెడ్లీ గారు ఉత్తరం రాశారు. విషయం తేలేదాకా రోవన్ హౌస్ గది ఎవరికీ ఇవ్వబోమని మే నెలలో కౌంటీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. దాన్ని అక్కకు మూడుసార్లు చదివి వినిపించాను.

ఇంతలో ఎన్నికలొచ్చాయి, కొత్త సరిహద్దులతో. లైబ్రరీలో పటం పెడితే చూశాను. ఓటర్ల సంఖ్య సమానం చేయడానికని ఎర్ర గీత సరిగ్గా మా వీధి మధ్య నుంచి లాగారు. బేసి నంబర్ల ఇళ్ళు పాత నియోజకవర్గంలో ఉండిపోయాయి. సరి నంబర్లు వాగు అవతలి దానిలో కలిశాయి.

"అయితే రాత్రి నువ్వు పెట్టే గురక నాకు పక్క నియోజకవర్గం నుంచి వినబడుతుందన్నమాట," అంది అక్క.

నేనూ నవ్వాను. ఆ గీతకూ మా ఫైలుకూ సంబంధం ఉంటుందని తట్టలేదు.

యాభై ఏళ్ళుగా ఇద్దరం కలిసే వెళ్ళి హాల్లో ఓటేసేవాళ్ళం. ఈసారి అక్క పోస్టులో హెడ్లీ గారికి వేసింది. నన్ను ఓటుకు వాగు దాటి అక్కడి బడికి వెళ్ళమన్నారు. ఓటు కాగితం మీద ఉన్న పేర్లలో మా వీధి తొక్కిన మనిషి ఒక్కరూ లేరు. హెడ్లీ గారు గెలిచారు. మరుసటి వారం ఆయన ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మీరు ఇక మా నియోజకవర్గ ఓటరు కారు, ఒక ఎంపీ ఓటరు విషయంలో మరో ఎంపీ కలగజేసుకోకపోవడం పార్లమెంటు సంప్రదాయం, మీ ఫైలు మూసివేశాం.

ఫోన్ చేశాను.

"అక్క మీ ఓటరే కదమ్మా జెన్నా!"

"అవునండీ. కానీ ఫైలు మీ పేరుతో ఉంది. ఆవిడ సంతకంతో కొత్త ఫారం పంపండి. కొత్త ఫైలంటే వరుసలో రావాలి, ఐదు వారాలు పడుతుంది."

నా కొత్త ఎంపీ ఆఫీసుకు చేస్తే ఎవరో కుర్రగొంతు పలికింది. "కష్టం మీ అక్కగారిదంటున్నారు. ఆవిడ పదిహేడులో ఉంటారు. అది మాది కాదండీ."

"బాబూ, నా గుమ్మం నుంచి ఆమె గుమ్మానికి నడిస్తే పదకొండు అడుగులు."

"నిజమేనండీ. కానీ గీత ఆ పదకొండు అడుగుల్లోనే ఉంది."

అదే రోజు అక్క చేత కొత్త ఫారం మీద సంతకం చేయించి పోస్టులో వేశాను. కౌంటీ ఆఫీసు మాత్రం ఆగలేదు. ఎంపీ గారు విషయం వదిలేశారని కాగితం అందింది కాబట్టి గది ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. కొత్త ఫైలు కదిలేదాకా అక్క సముద్రం ఒడ్డున ఉండాలి.

సంచి జిప్పు లాగుతుంటే ఉండబట్టలేక బిళ్ళ సంగతి, ఫారం సంగతి చెప్పేశాను. అప్పటిదాకా తప్పంతా ఆఫీసుదేనని నమ్మింది అక్క.

"నా పేరు రాస్తే చస్తాననుకున్నావా?"

"భయమేసింది."

"అన్నిటికీ భయమే నీకు. నాన్న పోయింది పైకప్పు కూలి. బిళ్ళ వల్ల కాదే, పిచ్చిదానా."

కారు పది గంటలకు వచ్చింది. డ్రైవరూ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాం. అక్క నా వైపు చూడలేదు. అద్దం దించి, "గురువారం బస్సు ఎక్కి రా. తప్పిపోకు," అంది.

ప్రతి గురువారం వెళ్ళాను. కొత్త ఫైలుకు జవాబు సెప్టెంబరులో వచ్చింది. రోవన్ హౌస్‌లో ఖాళీ లేదు, పేరు వరుసలో ఉంచామని రాశారు. తిర్జా ఆల్బర్ట్ వీధికి తిరిగి రాలేదు. 2024 నవంబరు 19, మంగళవారం తెల్లవారుజామున సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇంట్లోనే పోయింది.