చిల్లుల కిటికీ

మా ఓనరుకి కర్టెన్ కొనడమంటే ప్రాణం పోతుంది. బ్యాగులూ బెల్టులూ కుట్టే మా మూడో అంతస్తు గదికి పడమటివైపు ఒకటే కిటికీ. సాయంత్రమైతే ఎండ నేరుగా వచ్చి కళ్ళలో పొడుస్తుంది. కర్టెన్ వేయించండి మహాప్రభో అని మేం మొత్తుకుంటే, ఆయన చిల్లుల మామ వాడి పడేసిన నల్ల రెగ్జిన్ ముక్క తెప్పించి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టించాడు. చిల్లుల మామ బెల్టులకు రంధ్రాలు కొట్టే మనిషి. రంధ్రాలు కొట్టే పంచ్‌కి సాన పట్టిన ప్రతిసారీ ముందు ఆ ముక్క మీద ఒక దెబ్బ వేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అంచు శుభ్రంగా తెగిందో లేదో చూసుకునేవాడు. అలా మా పరదా నిండా చిల్లులే. ఎండ ఆగలేదు సరికదా, ముక్కలు ముక్కలై వచ్చి మీద పడేది. దాన్ని తిట్టకుండా నేను ఒక్క సాయంత్రమూ మిషన్ మీంచి లేవలేదు.

తిట్టవలసినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ, ముందు అక్క సంగతి చెప్పాలి.

నాకు మిషన్ తొక్కడం నేర్పింది అక్కే. ఇప్పుడు తను మిషన్ మీద కూర్చోవడం లేదు, పట్టీల అంచులు మడిచి గమ్ము రాస్తోంది. ఆ పనికి వేళ్ళు చాలు. అక్క చూపు చుట్టూ నుంచి మూసుకుపోతోంది. మొదట సాయంత్రాలు కనపడదనీ, పోనుపోను పగలు కూడా కనపడదనీ, దానికి మందు లేదనీ కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆయన మీదా నాకు కోపమే. అంత మాటను అంత మామూలుగా చెప్పేస్తారా?

ఆ మాట విని అక్క ఏడవలేదు. గ్రహణం వస్తోందని తెలిసిన రోజు మాత్రం, "ఈ ఒక్కటీ చూడాలే" అంది. చిన్నప్పుడు ఒకసారి గ్రహణం వస్తే, ఎక్కడ కళ్ళు పోగొట్టుకుంటామోనని నాన్న మమ్మల్ని లోపల పెట్టి తలుపేశాడు. "అంత జాగ్రత్తగా దాచుకున్నందుకు ఏం మిగిలాయే?" అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తను నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అరుదు.

ఆ గ్రహణమైనా మధ్యాహ్నం రాకూడదూ? పొద్దు గుంకే ముందు మొదలవుతుందట, కొరికిన సూర్యుడు కొరికినట్టే కిందికి దిగిపోతాడట. అక్క కళ్ళు మొరాయించే వేళే దొరికింది దానికి!

పక్కింటి టీచరమ్మను బతిమాలి, గ్రహణం చూసే అట్ట కళ్ళద్దాలు సంపాదించాను. సాయంత్రం కాసేపు డాబా తాళం ఇమ్మని పొద్దున్నే ఓనరును అడిగాను. "చూద్దాంలే" అన్నాడు. ఆయన చూద్దాంలే అంటే చూడడని అర్థం. సాయంత్రం మళ్ళీ అడిగాను.

"లోడు లారీ ఎక్కేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు" అన్నాడు.

"ఐదు నిమిషాలండీ. అక్కకి చూపించి వచ్చేస్తాను."

"సూర్యుడు ఎక్కడికి పోతాడమ్మా? రేపూ వస్తాడుగా!"

గదిలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రేపు మామూలు సూర్యుడు వస్తాడు. తాళం ఇవ్వండి."

"డాబా మీంచి ఎవరైనా పడితే కేసు నా మెడకి చుట్టుకుంటుంది. పని చూసుకో."

అక్క నా చెయ్యి పట్టి లాగింది. "పోనీలేవే. గొడవెందుకు?"

ఈ పోనీలేవే అన్న మాట వింటే నాకు ఇంకా మండుతుంది. మిషన్ పోతే పోనీలే అంది. చూపు పోతుంటే పోనీలే అంటోంది. ఇది కూడా పోనిస్తే ఇంక ఉండేదేమిటి? స్విచ్చి ఆపేసి లేచి నిలబడ్డాను.

"నేను కుట్టను. లోడు మీరే కుట్టుకోండి!"

నా మిషన్ తర్వాత పక్క మిషన్ ఆగింది. ఆ పక్కది కూడా ఆగింది. ఇందాక నవ్వినవాళ్ళు కూడా లేచారు. ఓనరు మొహం మాడిపోయింది.

"సరే, తగలడండి! ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలు. డాబా మాత్రం ఇవ్వను, వీధిలోకి పొండి."

అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. మోకాళ్ళ నొప్పులున్న చిల్లుల మామ తప్ప అందరూ వెనకే దిగారు. తీరా వీధిలోకి వస్తే సూర్యుడు లేడు. ఎదురుగా గోడౌను గోడ. మలుపు దాకా పరుగెత్తాం. అక్కడ కొత్తగా లేచిన బిల్డింగు. దాని వెనక ఆకాశం ఎర్రగా ఉంది, అంతే. అక్క అట్ట కళ్ళద్దాలు పెట్టుకుని, మొహం పైకెత్తి బుద్ధిగా నిలబడింది.

"ఏ వైపే?" అంది.

ఏ వైపని చెప్పను? బిల్డింగును తిట్టాను, కట్టినవాణ్ణి తిట్టాను, ఓనరును ఆయన తాళంతో కలిపి తిట్టాను. నా గొంతుకే దారినపోయేవాళ్ళు ఆగి చూశారు.

అప్పుడు పైనుంచి చిల్లుల మామ కేక వినిపించింది. మెట్ల దగ్గరి వరండాలోంచి వంగి చేతులూపుతున్నాడు.

"అమ్మాయ్! పైకి రండి! ఇక్కడుంది, గదిలో ఉంది!"

మెట్ల మీద చీకటి. అక్క తడబడుతోంది. అట్ట కళ్ళద్దాలు లాగేసి, దాదాపు ఈడ్చుకుంటూ ఎక్కించాను. గదిలో లైట్లు లేవు. మేం దిగగానే కరెంటు దండగని ఓనరు ఆపేశాడట. ఆ చీకట్లో, కిటికీ ఎదుటి గోడ నిండా సూర్యుళ్ళు. రెగ్జిన్‌లో ఎన్ని చిల్లులున్నాయో అన్ని సూర్యుళ్ళు, ఎర్రగా, మసకగా, అన్నీ ఒకే వైపు కొరికేసి ఉన్నాయి. నెలవంకల్లా గోడ మీద పరుచుకుని, మెల్లగా పైకి పాకుతున్నాయి. రోజూ నేను తిట్టే ఆ కిటికీలోంచే. నేనేమో అక్కను దానికి దూరంగా వీధులన్నీ తిప్పాను.

ఓనరు గది మధ్యలో గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు. ఆయన తెల్ల చొక్కా మీద, పొట్ట మీద కూడా నెలవంకలే. అడగనివాడి పొట్టకు దక్కింది చూడండి!

"అడ్డం లేవండి!" అని అరిచాను. కిక్కురుమనకుండా పక్కకు జరిగాడు.

"ఎన్నున్నాయో చూడమ్మా!" అని గుమ్మం దగ్గర నుంచి చిల్లుల మామ అంటున్నాడు.

"చూశావా అక్కా?"

"చూశానే. అబ్బ, ఎంత బావున్నాయో! ఎన్నున్నాయో!" అంది అక్క.

నా గుండె తేలికైంది. గెలిచాననుకున్నాను. తన మొహం చూద్దామని తిరిగాను. అక్క గుమ్మం వైపు చూస్తోంది. మామ గొంతు వస్తున్న వైపు. అక్కడ గోడ లేదు, చీకటి మెట్లు తప్ప ఏమీ లేదు. ఒక నెలవంక తన చెంప మీదే ఉంది.

భుజాలు పట్టుకుని గోడవైపు తిప్పేసరికి నెలవంకలు పలచబడి, కప్పు దగ్గర ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఎందుకు అబద్ధం చెప్పావు?" పళ్ళు నూరుతూ అడిగాను.

"నువ్వంత పోట్లాడాక కనపడలేదని ఎలా చెప్పనే?" అంది మెల్లగా.

ఓనరు లైట్లు వేశాడు. "అయిపోయిందిగా, కూర్చోండి."

నేను కూర్చోలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి, రెగ్జిన్ ముక్కను మేకులతో సహా పీకేశాను. వేలు చీరుకుపోయింది.

"అదెందుకు పీకావ్? రేపు ఎండెవరు ఆపుతారు?"

"కర్టెన్ కొనండి!" గది దద్దరిల్లేలా అరిచాను.

అక్క తడుముకుంటూ తన పీట మీద కూర్చుని గమ్ము డబ్బా కోసం చెయ్యి చాపింది. ఆ చేతిలో రెగ్జిన్ పెట్టాను. "ఇందాక గోడ మీద పడ్డవి ఇవే. ఒక్కో చిల్లుకీ ఒక్కో సూర్యుడు" అన్నాను. నా గొంతు ఇంకా కోపంగానే ఉంది.

అక్క దాన్ని ఒళ్ళో పరుచుకుంది. అంచులు మడిచే ఆ వేళ్ళు ఈ మూల నుంచి ఆ మూలకు, ఒక్కటీ వదలకుండా తడిమాయి.

"ఇన్నా!" అంది.

ఈసారి అబద్ధం కాదు.