బసివి ముద్ర

నేను ఒక ఇత్తడి చెంబుని. ఇప్పుడు చెంబుని. అంతకుముందు నేనేమిటో చెబితే మీరు నాతో నీళ్ళు తాగరు. అయినా చెబుతాను. తాగినా తాగకపోయినా నాకొకటే.

నేను ముద్రని. ఆదోనికి అవతల, తెలుగూ కన్నడమూ కలిసే చోట ఒక ఊరి గుడిలో ఉండేదాన్ని. పిడికెడు ఇత్తడి, దాని ముఖాన చక్రం బొమ్మ, పట్టుకోవడానికి ఒక కాడ. నన్ను నిప్పుల్లో కణకణా కాల్చి ఆడపిల్ల భుజానికి అద్దేవారు. తోలు కాలిన వాసన తెలియకుండా సాంబ్రాణి వేసేవారు. ఆ పూట నుంచి ఆ పిల్ల బసివి. అంటే పెళ్ళి లేదు, మొగుడు లేడు. పేరుకు దేవుడి సొత్తు, అనుభవించేది ఊరి పెద్దలు. దేవుడు ఒక్కనాడైనా ఆ పిల్లల గడప తొక్కింది లేదు. పెద్దలు తొక్కారు.

మనిషికి తన తోలు మీద ఎప్పుడూ తృప్తి లేదు. చంటిబిడ్డకు చెవులు కుట్టించి, అది గుక్కపట్టి ఏడుస్తుంటే చుట్టూ చేరి నవ్వుతారు. కమ్మల బరువుకు చెవి తమ్మెలు జారి భుజాలకు తగిలితే అదే అందమని మురిసిన ముసలమ్మలను చూశాను. ఎక్కడో పెదవి చీల్చి పళ్ళెం దూర్చుకునేవాళ్ళున్నారట. పట్నం పిల్లలు బొడ్డుకు రింగులు పెట్టించుకుంటున్నారు. పెట్టించుకోనీ, ఎవరి తోలు వాళ్ళది. నా కింద పడిన తోలు ఒకరిది, పడాలని చెప్పింది ఇంకొకరు. నా గొడవంతా అక్కడే.

ఉరుకుందమ్మకు నన్ను వేసినప్పుడు ఆమెకింకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. మగబిడ్డ లేని ఇల్లు, కూతుర్ని బసివిని చేస్తే కొడుకులా ఇంట్లోనే పడి ఉంటుందని పెద్దలు చెప్పారు. నలుగురు పట్టుకున్నారు. "వద్దు నాయనా" అంది. నాయన తల తిప్పుకున్నాడు.

ఆమెకొక కూతురు పుట్టింది, సుంకమ్మ. ఆ పిల్ల పెద్దమనిషి కాగానే పూజారి ఓబులయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"బసివి కూతురు బసివే గదమ్మే. ఈ జాతరకు ముద్రేపిద్దాం."

ఉరుకుందమ్మ ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. "సరే సామీ" అంది. జాతర ముందు గుడి ఇత్తడి సామానంతా చింతపండుతో తోమడం బసివి పని. గంటలు, హారతి పళ్ళేలు తళతళలాడేటట్టు తోమి లోపల పెట్టింది. నన్ను మాత్రం కొంగున కట్టుకుని, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా బస్సెక్కి ఆదోనిలో కంచరి వీరాచారి కొలిమి దగ్గర దిగింది.

ఆయన నన్ను తిప్పి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది దేవుని సామానుమ్మే. నేను కరిగీను."

"దేవునిదైతే కరగదులేన్నా. పెట్టి చూడు."

కరిగాను. ఎంత హాయో మీకెలా చెప్పను? అంతవరకు నన్ను కాల్చిన ప్రతిసారీ ఆ మంట ఎవరో పిల్ల ఒంట్లోకి పోయింది. ఈసారి కాలింది నేనొక్కదాన్నే.

"ఏం పొయ్యమంటావు?"

"నిప్పు తగలంది ఏదన్నా పొయ్యి."

ఆయన ఆలోచించి చెంబు పోశాడు.

ఆ సంగతి తెలిసి పూజారి, వెనకాల పెద్దలు ఇంటిమీదికొచ్చారు.

"ముద్ర యాడమ్మే?"

"కరిగిపాయ సామీ."

"కొత్తది పోపిస్తాం. నీ కూతురు యాడికి పోతాదిలే."

"పోపించు. తాతలనాటి ముద్ర గాకుండా వేరేది ఏసినోని వంశం నిలబడదని ఏటేటా చాటింపేపించేది నువ్వే గదా. ఎవురేస్తారో రమ్మను."

ఆడపిల్లను కాల్చడానికి జంకని మొనగాళ్ళు, సొంత వంశం మాట వచ్చేసరికి ఒక్కడూ ముందుకు రాలేదు. జాతర జరిగింది, వేటపోతు తెగింది, భోజనాలయ్యాయి. సుంకమ్మ భుజం మీద చెమట తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఉరుకుందమ్మ నా నిండా నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, అరుగు మీదే పడి నిద్రపోయింది.

సుంకమ్మకు పెళ్ళయింది. ఆమె కూతురు భార్గవి కర్నూలులో చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి చేతుల్లేని జాకెట్టుతో తిరుగుతుంటే, అవ్వ ఆ పిల్ల భుజం చూసింది. అక్కడ నల్లగా ఒక పిట్ట. ఉరుకుందమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఎవురేసిరి పాపా?"

"నేనే ఏపిచ్చుకుంటినవ్వా. టాటూ."

"పట్టుకొని ఏసిరా?"

"పట్టుకునేదేంది? కుర్చీలో కూసోబెట్టి, నొప్పైతే చెప్పు, ఆపుతామన్న్యారు."

"చెప్తే ఆపుతారా?"

"రెండుసార్లు ఆపిచ్చినవ్వా."

ముసలామె ఊపిరి వదిలింది. పిట్ట బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ సాయంత్రం వాకిట్లోకి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అదే మాట చెప్పింది.

"నొప్పంటే ఆపుతారంటమ్మా ఇప్పుడు."