ఒక్క ముక్క తక్కువ

"ఒక్క ముక్కే కదా, దానికోసం కళ్లు పొడుచుకుంటావా?" అన్నాడు మా ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి, తాగేసిన టీ గ్లాసు నా చేతికే ఇస్తూ.

నేను పాత దిండుగలీబు మీద విరిగిన ప్లాస్టిక్ ముక్కల్ని పేరుస్తున్నాను. పళ్ల డాక్టరమ్మ కారులోంచి తీసినవి. పాతికేళ్లనాటి పెద్ద కారు అది, రంగు వెలిసినా తోలు సీట్ల దర్జా తగ్గలేదు. దాని ఇంజన్ లోపల టైమింగ్ చైన్ తిరుగుతూ ఉంటుంది. ఆ గొలుసు దారి తప్పకుండా ప్లాస్టిక్ గైడ్లు కాస్తాయి, వదులవకుండా టెన్షనర్లు నొక్కి పట్టుకుంటాయి. బండికి వయసు మీదపడ్డాక టెన్షనర్ల బిగువు సడలుతుంది, గైడ్లు పెళుసెక్కి విరుగుతాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు రెండు క్షణాలు చప్పుడవుతుంది. తర్వాత ఏమీ వినిపించదు. ఏమీ వినిపించకపోతే అంతా బాగున్నట్టే అనుకునేవాళ్లే ఎక్కువ లోకంలో.

డాక్టరమ్మ మూడు షెడ్లు తిరిగి మా దగ్గరికి వచ్చింది. "పాత బండి అన్నాక ఆ మాత్రం చప్పుడుంటుంది, మీకే అనుమానం ఎక్కువ అంటున్నారండీ అందరూ" అంది. మా ఆయనా అదే మాట అనబోయాడు. నేను షెడ్డు వెనకే ఉన్న మా వంటింట్లోంచి విని, గరిటె చేత్తోనే బయటికొచ్చి, "గైడ్లు పోయాయి" అన్నాను. ఆయన పకపకా నవ్వి, "మా ఆవిడకి తెలియనిది లేదండీ" అన్నాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా నా వైపే చూసింది.

పెళ్లైన కొత్తలో ఇంజన్ సందులో ఒక నట్టు పడిపోతే, "నీ చెయ్యి సన్నం, కాస్త అందుకో" అన్నాడు. మొదలు అది. పద్నాలుగేళ్లలో ఇంజన్ మొత్తం విప్పి బిగించడం నా వంతయింది, మెకానిక్‌నంటూ పేరు కార్డులు పంచడం ఆయన వంతయింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. కస్టమర్ వస్తే నేను లోపలికి వెళ్లిపోవాలి, గ్రీజు చేతులతో ఇంటి ఆడది కనబడితే పరువు తక్కువట. అత్తయ్యేమో, "మొగుడికి ఆ మాత్రం సాయం చేస్తే అరిగిపోతావా? మేం చెయ్యలేదూ?" అంటుంది. ఆవిడ జన్మలో స్పానరు ముట్టిన పాపాన పోలేదు. నిరుడు పని పూర్తికాకుండానే ఆయన తొందరపెట్టి నాచేత ఇంజన్ మూయించిన బండి ఒకటి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆ ఒక్కసారి మాత్రం పదిమందిలో నా మాట ఎత్తాడు: "మా ఆవిడ చెయ్యి పెట్టిందండీ, అందుకే ఇలా ఏడ్చింది."

కొత్త గైడ్లు, కొత్త టెన్షనర్లు వేసి, ముందు కవర్ బిగించేశాం. అదీ ఆయన తొందరే. నాకో అలవాటుంది. విరిగిన గైడు ముక్కలన్నీ కలిపి పేర్చి, ఆకారం పూర్తయితే తప్ప పని అయిందనుకోను. ఇప్పుడు ఎడమవైపు గైడుకి బొటనవేలి గోరంత ఖాళీ మిగిలింది. ఆ ముక్క ఎక్కడికీ పోదు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోనే ఉంటుంది. ఏదో ఒక రోజు ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుంది. ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుంది, బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఎల్లుండి డాక్టరమ్మ ఒక్కతే ఘాట్ రోడ్డు దాటి, కొత్త ఊళ్లో కొత్త ఉద్యోగంలో చేరబోతోంది.

"తొట్టి విప్పాలి. బండి రేపిద్దాం" అన్నాను.

"నాలుగింటికి వస్తోందావిడ. ఇస్తానని మాటిచ్చాను."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకండీ?"

"చెప్పింది చెయ్యి" అన్నాడు.

మా ఆయన అరిచే మనిషి కాదు. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. అది తగ్గినప్పుడల్లా నేను తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకుంటాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెయ్యి చేసుకున్నాడా అని అడిగితే లేదనే చెప్పాలి కదా.

ఆయన ఫోను మాట్లాడుతూ బయటికెళ్లాడు. కారు ముందు చక్రాలు ఇంకా ర్యాంపుల మీదే ఉన్నాయి. మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. బండి కిందికి వెళ్లేవాళ్లు డ్రైవర్ తలుపు ముందు చెప్పులు విడవాలి. చెప్పులుంటే ఎవరూ తాళం ముట్టకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది ఆయనే. నేను చెప్పులు విడిచి, జడ ముడేసుకుని, చక్రాల పలక మీద పడుకుని కిందికి జారాను. అడుగురేకు విప్పగానే ఇంజన్ బెల్టు నా చెంపకి జానెడు దూరంలో ఉంది. ఆయిల్ బోల్టుకి స్పానరు తగిలించాను.

బూట్ల చప్పుడు వినిపించింది. బూట్లు నా చెప్పుల ముందు ఆగాయి.

"బయటికి రా" అన్నాడు, చాలా మెల్లగా.

"పది నిమిషాలండీ."

ఒక బూటు నా చెప్పుల్ని పక్కకి నెట్టింది, జాగ్రత్తగా, రెంటినీ కలిపి. తలుపు తెరుచుకుంది. ఆయన బరువుకి కారు కాస్త కుంగింది. తలుపు మూసుకుంది. బెల్టు వైపే చూస్తున్నాను. తాళం టక్కున తిరిగింది.

ఏమీ జరగలేదు.

మళ్లీ తిరిగింది. బెల్టు కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కిందికి వచ్చేముందు, ఈ కారుకి బ్యాటరీ ఉండే వెనక డిక్కీ తెరిచి, దాని వైరు విప్పేశానని. ఆయిల్ మార్చే పనికి ఎవరూ బ్యాటరీ విప్పరు. నేనూ పద్నాలుగేళ్లలో ఎన్నడూ విప్పలేదు.

"ఊరికే! భయపడ్డావా?" పైనుంచి నవ్వాడు.

భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆశ్చర్యం వెయ్యలేదు. దానికే నాకు ఏడుపొచ్చింది. నాతో కాపురం చేసే మనిషి ఈ పని చేయగలడని నా చేతులకి ముందే తెలిసిపోయింది. ఆ చేతుల్తోనే ఆయిల్ వంపి, తొట్టి దించాను. జల్లెడ అంచున ఆ ముక్క అంటుకుని ఉంది. దాన్ని తీసి జాకెట్లో దోపుకుని బయటికొచ్చేసరికి ఆయన గుమ్మంలో డాక్టరమ్మకి నమస్కారం పెడుతున్నాడు.

"చిన్న పని మిగిలిందండీ. మా మెకానిక్ చూస్తున్నాడు..."

"మెకానిక్ని నేనే" అన్నాను. లోపలికి వెళ్లలేదు. చేతులు తుడుచుకోలేదు. ఆ ముక్కని ఆవిడ అరచేతిలో పెట్టి అది ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, తగ్గించి, నన్ను పిలిచాడు. ఈసారి తలుపు ఎంత దూరంలో ఉందో నేను చూసుకోలేదు.

"రేపు సాయంత్రానికి బండి సిద్ధమండీ" అన్నాను డాక్టరమ్మతో. "ఎల్లుండి మీ పక్క సీటు ఖాళీయేనా?"