రంగు పడని గోడ

మా హోమ్‌లో వీధి వైపు గోడకి ఏటా వేసవిలో రంగు పడుతుంది. గోడకి అవసరమై కాదు, వచ్చినవాళ్లకి ఏదో ఒక పని చూపించాలి కనుక. ఏదో ఒక సంఘం నుంచి సేవ చేస్తామంటూ ఒక జట్టు వస్తుంది. వారం రోజులుంటుంది, గోడకి రంగు వేస్తుంది, పిల్లల పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంది, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతుంది. ఒక ఏడు నీలం, ఒక ఏడు పసుపు. పూత మీద పూత పడి కిటికీ రెక్కలు చట్రానికి అతుక్కుపోయి తెరుచుకోవడం ఎప్పుడో మానేశాయి. ఈ జట్లకి నేను పెట్టిన పేరు పెళ్లివారు. సేవ వాళ్లదే అయినా వాళ్ల కాఫీలూ స్నానాలకి వేడినీళ్లూ చూసుకోవలసింది మాత్రం నేను.

నేను ఇక్కడ వార్డెన్‌ని. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలు ఉండే హోమ్ ఇది. ఇద్దరు ఆయాలు, నేను. పిల్లలందరిలోకీ చిన్నది పిట్ట. పిట్టంత తింటుందని ఆ పేరు స్థిరపడింది. ఆ తినేది కూడా నా చేత్తో పెడితేనే. ఇంకెవరు స్పూను చూపించినా పళ్లు బిగిస్తుంది. ఒక పూట తినకపోతే వాడిపోతుంది, వరసగా తినకపోతే ఆసుపత్రికి ఎత్తుకుపోవాలి. అందుకని నేను గడప దాటను. నా కూతురి మొదటి కాన్పుకీ వెళ్లలేదు. ఆ బిడ్డ దక్కలేదు. "నువ్వుంటే బాగుండేదమ్మా" అని అది ఒక్కసారే అంది, మళ్లీ ఎన్నడూ అనలేదు. అంటే నాలుగు మాటలు పడేదాన్ని, అనకపోవడమే నన్ను తినేసింది. ఈ వేసవిలో దానికి రెండో కాన్పు.

ఈసారి పెళ్లివారి పెద్ద ఒక సిటీ బస్సు డ్రైవరు. ఏడాది సెలవులన్నీ దాచుకుని, వెంట కొంత కుర్రకారుని వేసుకుని వచ్చాడు. మనిషి గొంతే ఒక హారన్. రంగు డబ్బాలు దించుతూ దించుతూ గోడని గోటితో గీకాడు. పెచ్చు ఊడి వెనకటి ఏళ్ల రంగులన్నీ బయటపడ్డాయి. దీనికి నిజంగా రంగు కావాలా మేడమ్ అని అడిగాడు. అక్కర్లేదన్నాను. మరేం కావాలి అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. కూతురికి ఏ క్షణమైనా నొప్పులు రావచ్చని అల్లుడు ఆ పొద్దునే ఫోన్ చేసి ఉన్నాడు. దాచుకున్న మాట నోరు జారింది.

"నాకు గోడ వద్దండీ. నా బదులు ఇక్కడ ఒక మనిషి కావాలి. నేను నా కూతురి దగ్గరికి వెళ్లాలి," అన్నాను.

కుర్రకారు మొహాలు చిన్నబోయాయి. ముందూ తరవాతా అని గోడని వీడియో తీసి సంఘంలో చూపించాలని వాళ్ల ముచ్చట. గోడ ఎక్కడికీ పారిపోదని డ్రైవరు వాళ్ల నోరు మూయించి, డబ్బాలు మెట్ల కింద పెట్టించాడు. వాళ్లకి బట్టలుతకడం, పిల్లల పక్కలు మార్చడం అప్పగించాడు. తను మాత్రం తోకలా నా వెంటపడ్డాడు. పిట్ట మెడ ఎలా పట్టుకోవాలో, స్పూను పెదవి ఏ మూల ఆనించాలో, మింగేదాకా ఎలా ఆగాలో చూపించాను. మొదటి పూటే అది జావంతా అతని చొక్కా మీద ఊదింది. నవ్వి, ప్రార్థన చేసుకుని, మళ్లీ స్పూను ముంచాడు. మూడోనాటికి రెండు గుటకలు మింగింది. అది చూసి వెళ్లే ధైర్యం వచ్చిందని చెప్పను. నొప్పులు మొదలయ్యాయని అల్లుడు కబురు చేశాడు, వెళ్లాను, అంతే. నా మనసు చల్లబరచడానికి అబద్ధం మాత్రం చెప్పవద్దని గుమ్మంలో అతని దగ్గర మాట తీసుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. మర్నాడు పొద్దున నేను కూతురి మంచం పక్కన ఉండగా ఫోన్ వచ్చింది.

"రాత్రి తినలేదు చెల్లెమ్మా. ఇప్పుడూ తినలేదు. నిన్ను రమ్మననూ, వద్దననూ. మధ్యాహ్నం దాకా నాకు టైమిస్తావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు తెలియకుండానే సంచీ భుజాన వేసుకున్నాను. కూతురు ఆ సంచీని చూసింది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నేను భరించలేకపోయాను. సంచీ తీసి మంచం కిందికి తోసి, దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పూటంతా నేను దేవుడితో చేసింది ప్రార్థన కాదు, పోట్లాట. ఇక్కడ ఒకదాన్నీ అక్కడ ఒకదాన్నీ ఇచ్చి నాకు ఒంటి ప్రాణం ఎందుకిచ్చావని నిలదీశాను.

మధ్యాహ్నం మళ్లీ మోగింది. ఈసారి అతను మాట్లాడలేదు. గిన్నెకి స్పూను తగిలిన చప్పుడు వినిపించింది. తరవాత 'ఊఁ' అని చిన్న మూలుగు. ఇంకో స్పూను పెట్టమని పిట్ట నన్ను అడిగే మూలుగు అది. నేను ఏడుస్తుంటే, ఎందుకమ్మా అంటూ కూతురు నొప్పుల్లో ఉండి కూడా నా కళ్లు తుడిచింది. సాయంత్రానికి నా ఒళ్లో మనవరాలుంది, బంగారంలాంటి ఏడుపుతో.

నేను తిరిగొచ్చేసరికి పెళ్లివారు సామాను సర్దుకుంటున్నారు. ముందు గోడే కంటపడింది. కిటికీ చుట్టూ రంగంతా గీకి, చెక్కి, కోతులు చెరిచిన తోటలా చేశారు. కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంది. వీధిలో బండి హారన్ వినపడినప్పుడల్లా పిట్ట కళ్లు అటు తిరగడం డ్రైవరు గమనించాడట. వృత్తి గుణం మరి. నాకు ఫోన్ చేసిన ఆ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కుర్రకారు రంగు వేసే చేతులతోనే రంగు గీకి రెక్కలు విడదీశారు. డ్రైవరు పిట్టని ఒళ్లో పెట్టుకుని కిటికీ ముందు కూర్చున్నాడట. బండి కనపడగానే పిట్ట నోరు తెరిచింది. ఆ తరవాత ఆయాల చేతా తిందని చెప్పాడు. ఏటా వచ్చే జట్లన్నిటినీ నేను ఒకే గాటన కట్టేశాను.

సంఘంలో చూపించడానికి వాళ్ల దగ్గర పాడైన గోడ తప్ప ఏమీ లేదు. నేను ఫోన్ తీసి, నా ఒళ్లో మనవరాలున్న ఫోటో అతనికి పంపించాను.

"ఏం చేసొచ్చారని మీవాళ్లు అడిగితే ఇది చూపించు అన్నయ్యా," అన్నాను.

అతను ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని ఆ ఫోటో చూసుకున్నాడు. తల ఊపి వెళ్లి వ్యాన్ ఎక్కాడు. వీధి మలుపులో హారన్ కొట్టాడు. కిటికీ దగ్గర పిట్ట నోరు తెరిచింది. నేను అలవాటుగా లేవబోయాను. ఆయా అప్పటికే స్పూను అందించింది. నేను మళ్లీ కూర్చున్నాను.